డేట్ పెంచుతారంట కదా!

జూలై రెండో వారం దాటిందంటే నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి. "డేట్ పెంచుతారంట కదా సార్?" ఆ గొంతులో అడగడం ఉండదు, నమ్మకం ఉంటుంది. ఎవరు చెప్పారండీ అంటే తేల్చరు. వాట్సాప్‌లో వచ్చిందంటారు. బ్యాంకులో అనుకుంటుంటే విన్నానంటారు. బావమరిది హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో ఉన్నాడు, వాడికి తెలిసిందంటారు. ఇంతవరకూ ఏ ప్రకటనా రాలేదండీ అని నేనంటే, "పెంచుతారు లెండి, ప్రతి ఏడాదీ పెంచేదేగా" అని నన్నే ఓదార్చి పెట్టేస్తారు.

నేను ఖమ్మంలో ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్‌లు వేసే మనిషిని. సీఏని కాను. బీకాం అయ్యాక కమాన్ బజార్‌లో ఒక పెద్దాయన దగ్గర లెక్కలు రాయడం నేర్చుకుని, తర్వాత వైరా రోడ్డులో సొంతంగా ఒక గది తీసుకున్నాను. ఇరవై అయిదేళ్ళు దాటింది. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, మిర్చి మార్కెట్లో కమీషన్ వ్యాపారులు, గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్ళు, మందుల షాపుల వాళ్ళు, అంతా కలిపి ఆరు వందల పైచిలుకు ఫైళ్ళు. వీళ్ళల్లో చెప్పిన రోజుకి వచ్చేవాళ్ళు ఎంతమంది అని మా ఆవిడ ఒకసారి అడిగింది. వేళ్ళు మడుస్తూ వెళ్ళి నాలుగో వేలు దగ్గర ఆగాను. ఆ నాలుగో ఆయన రిటైరైన పోస్ట్‌మాస్టరు. పోయి రెండేళ్ళయిందని తర్వాత గుర్తొచ్చింది.

అసలు పనెంత? జీతం మీద బతికే మనిషి రిటర్న్, కాగితాలు చేతిలో ఉంటే, నాకు ఇరవై నిమిషాలు. ఆ మనిషి చేయాల్సింది ఇంకా తక్కువ. ఫారం 16 తేవాలి, బ్యాంకు వడ్డీ ఎంతొచ్చిందో చెప్పాలి, ఆధార్‌కి కలిపిన ఫోన్ వెంట తెచ్చుకోవాలి. ఫారం 16 జూన్ 15కల్లా ఇవ్వాలని రూలు కాబట్టి, అక్కణ్ణుంచి లెక్కేసినా నెలన్నర సమయం. నెలన్నరలో ఇరవై నిమిషాలు. ఇది బద్ధకం లెక్క అయితే ఎప్పుడో తేలిపోయేది. ఈ మనుషులు బద్ధకస్తులు కారు. మార్కెట్లో తెల్లవారుజామున నాలుగింటికి మిర్చి బస్తాల మధ్య నిలబడే వ్యాపారి, నా మెట్లెక్కడానికి మాత్రం ఆఖరు రోజు రాత్రి తొమ్మిది దాకా ఆగుతాడు.

ఎవరు ఎప్పుడొస్తారో నాకు కంఠతా వచ్చు. రిఫండ్ వచ్చేవాళ్ళు జూన్ ఆఖరుకే దిగుతారు, ఫారం 16 మీద సంతకం తడి ఆరకముందే. ఇచ్చేదీ పుచ్చుకునేదీ లేని వాళ్ళు జూలై రెండో, మూడో వారాల్లో వస్తారు. కొంచెం కట్టాల్సిన వాళ్ళు నెలాఖరుకి ఫోన్ చేస్తారు. బాగా కట్టాల్సిన వాళ్ళు నా ఫోన్ కూడా ఎత్తరు. నేను పండితుణ్ణి కాను గానీ, మనిషి మనసు గురించి నాకు తెలిసిందంతా ఈ వరసలోనే తెలిసింది.

టీచర్లది ఇంకో కథ. వాళ్ళ పన్ను అంతా ఫిబ్రవరి జీతంలో పడుతుంది. నెలనెలా కొంచెం కొంచెం కోయించుకోండి మాస్టారూ అని చెబితే వినరు. ఫిబ్రవరి వచ్చేసరికి ఎక్సెల్ షీట్లో అంకె చూసి గుండె జారి, అప్పుడు మొదలవుతుంది పరుగు. ఇంటద్దె రసీదులు, పిల్లల ఫీజు రసీదులు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు. 80సీ కింద లక్షన్నర నింపాలి. ఏడాది మొత్తంలో ఎప్పుడైనా నిదానంగా ఆలోచించి పెట్టుకోగలిగిన డబ్బును రెండు రోజుల్లో ఎక్కడో ఒకచోట పారబోసేవారు. గడువు ముందురోజు కొన్న పాలసీకి పదిహేనేళ్ళు ప్రీమియం కట్టిన మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన సోషల్ చెబుతారు గానీ, ఆ పాలసీ లెక్క చేయడానికి లెక్కల మాస్టారిని వెంటబెట్టుకొచ్చారు. ఇద్దరూ కలిసి చూసి, టీ తాగి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే ముందుగా వర్తించేట్టు చేశాక ఆ హడావుడి కొంత తగ్గింది. దాంతో వాయిదా వేయడానికి ఒక వస్తువు తగ్గింది, అంతే.

ఇక ఈ 'పెంచుతారంట' జబ్బు ఎక్కడ అంటుకుందో చెప్పాలి. తప్పు జనానిది ఒక్కటే కాదు. 2015లో గడువును జూలై 31 నుంచి ఆగస్టు 31కి జరిపారు, మళ్ళీ సెప్టెంబరు 7 అన్నారు. 2016లో ఆగస్టు 5. 2017లో ఆగస్టు 5. 2018లో ఆగస్టు 31. 2019లోనూ అంతే. కరోనా ఏడాది నవంబరన్నారు, డిసెంబరన్నారు, చివరికి 2021 జనవరి 10 దగ్గర తేలారు. ఆ తర్వాతి ఏడాది డిసెంబరు 31. వరసగా ఏడేళ్ళు. ఏడేళ్ళంటే ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు హైస్కూలుకి వస్తాడు. అన్నేళ్ళు ఏటా ఒకే పాఠం చెబితే ఎవరికి మాత్రం రాదు? ముందుగా వేసినవాడు వెర్రివాడు, ఆగినవాడు తెలివైనవాడు అన్నది ఆ పాఠం. పైగా జూలై 29న వచ్చి, చెమటలు కక్కుతూ నా దగ్గర క్యూలో నిలబడి వేయించుకున్న మనిషి, రెండు రోజుల తర్వాత గడువు పెరిగిందని పేపర్లో చూసి నామీద కోప్పడేవాడు. "మీరే తొందరపెట్టారు" అని. గడువు పెంచితే వచ్చే పని పెరగదు, కాగితాలు పెరగవు. నెల పెంచితే నెలంతా ఖాళీగా ఉండి, పెంచిన ఆఖరు రోజున అదే జనం అదే మెట్ల మీద నిలబడతారు. నేను ఏడుసార్లు చూశాను.

అంతకుముందు రోజుల్లో ఆలస్యానికి నొప్పి కూడా తక్కువే. జరిమానా సెక్షన్ ఒకటి ఉండేది, అధికారి వేయొచ్చు, మానొచ్చు. నా క్లయింట్లలో ఎవరికీ వేసినట్టు చూడలేదు. 2018 నుంచి లేటు ఫీజు తప్పనిసరి చేశారు. ఇప్పుడైతే ఆదాయం 5 లక్షలు దాటితే 5,000, లోపయితే 1,000. మొదటి ఏడాది భయపడ్డారు. రెండో ఏడాదికి దాన్నీ అలవాటు చేసుకున్నారు. "అయిదు వేలు కడితే డిసెంబరు దాకా టైముందిగా" అన్నాడొక గ్రానైట్ వ్యాపారి, ఏదో సినిమాకి బాల్కనీ టికెట్ కొన్నంత ధీమాగా. కట్టాల్సిన పన్ను మీద నెలకి ఒక శాతం వడ్డీ పడుతుందనీ, నెలలో ఒక్కరోజు దాటినా పూర్తి నెల కిందే లెక్కనీ చెప్పాను. తలూపాడు. డిసెంబరు 30న వచ్చాడు.

నేనూ అదే తెలివి ఒకసారి ప్రయోగించి దెబ్బతిన్నాను. జూలై 20 తర్వాత వస్తే ఫీజు 200 ఎక్కువ అని గోడకి బోర్డు పెట్టాను. ఆ ఏడాది 20లోపు వచ్చేవాళ్ళు ఇంకా తగ్గారు. ఇదివరకు ఆలస్యంగా వచ్చేవాళ్ళు కాస్త సిగ్గుపడుతూ, స్వీటు పొట్లం ఏదన్నా పట్టుకొచ్చేవారు. ఇప్పుడు 200 టేబుల్ మీద పెట్టి దర్జాగా కూర్చున్నారు. సిగ్గుకి ఒక రేటు కట్టి అమ్మేశానని అర్థమై బోర్డు తీసేశాను. స్వీట్లు మళ్ళీ రాలేదు.

2022 జూలై 31 ఆదివారం. ఆ ఏడేళ్ళ తర్వాత గడువు పెంచని మొదటి ఏడాది అది. ఆ సంగతి మాకు అర్ధరాత్రి దాకా తెలియదు కాబట్టి, సాయంత్రం అయిదింటికి కూడా మెట్ల మీద నిలబడ్డవాళ్ళు ఫోన్లలో ఆ ప్రకటన కోసమే వెతుకుతున్నారు. మా గదిలో రెండు కంప్యూటర్లు, నేను, నా దగ్గర పనిచేసే కుర్రాడు, ఫ్లాస్కులో టీ. రాత్రి తొమ్మిదయ్యేసరికి పోర్టల్లో చక్రం గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఆ ఒక్కరోజే దేశం మొత్తం మీద 72.42 లక్షల రిటర్న్‌లు పడ్డాయని మర్నాడు లెక్క చెప్పారు. మొత్తం వచ్చిందే 5.83 కోట్లు. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు ఆఖరు రోజుకే ఆగారన్నమాట. మా మెట్లు ఖమ్మంలోనే ఉన్నాయనుకున్నాను గానీ, దేశమంతటా ఉన్నాయి.

పదకొండుంబావుకి ఒకాయన వచ్చాడు. సిమెంటు ఏజెన్సీ ఉంది. అదివరకు ఎవరో బంధువు వేసేవాడు, వాడితో మాటల్లేవు, పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉండిపోయింది. పాస్‌వర్డ్ మార్చాలంటే ఆధార్‌కి ఓటీపీ వస్తుంది. ఆధార్‌కి ఉన్న నంబరు భార్య ఫోన్‌ది. భార్య మధిరలో పుట్టింట్లో నిద్రపోతోంది, ఫోన్ సైలెంట్లో ఉంది. ఈయన అక్కడి పక్కింటాయనకి ఫోన్ చేసి, ఆయన లుంగీ కట్టుకుని వెళ్ళి తలుపు కొట్టి, అత్తగారు ఏదో చావు కబురనుకుని ఏడుపు అందుకుని, చివరికి ఆవిడ ఫోన్ తీసి అంకెలు చదివేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. మళ్ళీ పంపాం. ఈసారి అత్తగారే చదివింది, ఒక్కో అంకె విడివిడిగా, పరీక్షలో అప్పజెప్పినట్టు. పదకొండూ యాభై రెండుకి రిటర్న్ పడింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "చూశారా, అయిపోయిందిగా, అనవసరంగా టెన్షన్ పెట్టుకుంటారు" అన్నాడు.

అదే ఏడాది, ఆ ఆదివారానికి సరిగ్గా వారం ముందు, భద్రాచలం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. జూలై 16న అక్కడ గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. 1986 తర్వాత అంత వరద అదే. వాళ్ళ వీధిలోకి నీళ్ళొచ్చి, పిల్లల్తో సహా పునరావాస కేంద్రంలో ఉండి, బురద కడుక్కుని, బస్సెక్కి వచ్చింది. ఫారం 16, పాస్‌బుక్కులు పాలిథిన్ కవర్లో చుట్టి, దానికి రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. "ఇంట్లోంచి బయటపడేప్పుడు చేతికందినవి ఇవే సార్, ఎట్లాగూ చేతిలోనే ఉన్నాయి కదా, అయిపోతే పోతుందని" అంది. ఆవిడ మాట చాలాకాలం నాలో తిరిగింది. ఎట్లాగూ చేతిలోనే ఉన్నాయి కదా. మిగతా వాళ్ళకి అవి బీరువాలో ఉంటాయి. బీరువా తెరవాలి. తెరిస్తే అందులో ఇంకేవో కనబడతాయి.

అక్కణ్ణుంచే నాకు ఒక సంగతి తట్టింది. నా దగ్గరికి రావడం వాయిదా వేసే ప్రతి మనిషికీ, ఆ కాగితాల కట్టలో ఒక్క కాగితం ఉంటుంది, దాని మొహం చూడటం ఇష్టముండదు. పని మొత్తాన్ని ఎవరూ వాయిదా వేయరు. ఆ ఒక్క కాగితాన్ని వేస్తారు, దాంతోపాటు మిగతావన్నీ ఆగిపోతాయి. ఒకాయనకి అది భార్యకి చెప్పకుండా చెల్లెలి పేరున వేసిన డిపాజిట్. ఒకాయనకి మూతబడ్డ చిట్‌ఫండ్ తాలూకు పాస్‌బుక్. ఒక లెక్చరర్‌కి ఇంటి లోను వడ్డీ సర్టిఫికెట్. ఏళ్ళ తరబడి కట్టినా అసలు ఎంత తక్కువ తగ్గిందో అందులో రాసి ఉంటుంది. ఆయన ఒక ఏడాది అట్లాగే జూలై దాటించేశాడు. ఇప్పుడు గడువు దాటి వేస్తే జీతం వాళ్ళకి పాత పన్ను విధానం ఎంచుకునే వీలు లేదు, అంటే ఆ లోను వడ్డీ తగ్గింపే లేదు. చూడటం ఇష్టంలేని కాగితమే ఆయనకి రావలసిన రిఫండ్ కాగితం. ఆ మాట చెప్పినప్పుడు ఆయన నవ్విన నవ్వు నాకు బాగోలేదు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. వాళ్ళ నాన్న నా పాత క్లయింటు, స్కూలు హెడ్మాస్టరు. కుర్రాడు సాఫ్ట్‌వేర్. మూడేళ్ళు జూన్‌లోనే రిటర్న్ వేయించుకున్నాడు, బుద్ధిమంతుడు. నాలుగో ఏడాది, 2024లో, జూన్ పోయింది, జూలై సగం పోయింది. ఫోన్ చేస్తే "స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేయాలంకుల్, వీకెండ్ చేస్తా" అన్నాడు. అది యాప్‌లో రెండు నొక్కుళ్ళ పని. వీకెండ్లు మూడు పోయాయి. ఆగస్టు 11న వచ్చాడు, నాన్నకి చెప్పకుండా. షేర్ మార్కెట్ ఆప్షన్స్‌లో 6,40,000 పోగొట్టాడు. ఆ అంకె వాడికి ఉజ్జాయింపుగా తెలుసు, కచ్చితంగా చూడలేదు. స్టేట్‌మెంట్ నా కంప్యూటర్‌లోనే తెరిచాం. చివరి పేజీకి వెళ్ళేదాకా మౌస్ నా చేతికే ఇచ్చాడు.

గడువులోపు వచ్చి ఉంటే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ళు ముందుకి తీసుకెళ్ళొచ్చు, ఎప్పుడైనా వ్యాపార లాభం వస్తే దాంట్లోంచి తగ్గించుకోవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది. పోయింది. పైన 5,000 ఫీజు. సెప్టెంబరులో సెబీ వాళ్ళు ఒక లెక్క బయటపెట్టారు: అంతకుముందు మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం నష్టపోయినవాళ్ళే. వాడికి ఆ వార్త ఫోన్లో పంపాను. "ముందే తెలిస్తే మీ దగ్గరికి జూన్‌లోనే వచ్చేవాణ్ణంకుల్" అని రాశాడు. అబద్ధం కాదనుకుంటాను. ఊళ్ళో తానొక్కడే వెర్రివాడయ్యాననుకుని దాక్కున్నాడు. పక్కన తొంభై మంది దాక్కున్నారని తెలిస్తే బయటికొచ్చేవాడేమో.

రిఫండ్ వచ్చేవాళ్ళు ముందే వస్తారన్నాను కదా. ఒకావిడ దగ్గర ఆ సిద్ధాంతం తప్పింది. భర్త బ్యాంకులో చేసేవాడు, నవంబరులో గుండెపోటుతో పోయాడు. ఆయన పేరున 38,000 వెనక్కి రావాలి. చనిపోయినవాళ్ళ రిటర్న్‌ని వారసులు వేయాలి, దానికి ముందు పోర్టల్‌లో వారసురాలిగా నమోదు చేసుకోవాలి, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం పెట్టాలి. రెండు పత్రాలూ ఆవిడ దగ్గర ఉన్నాయి. "వస్తానన్నయ్యగారూ" అంటుంది, రాదు. జూలై పోయింది, దసరా పోయింది. డిసెంబరులో నేనే వాళ్ళింటికి వెళ్ళాను. టీవీ పక్కన ఆయన ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. నెలనెలా రీఛార్జ్ చేస్తోంది. ఏడాదిగా ఎవరో ఒకరు ఆ నంబరుకి ఇంకా గుడ్‌మార్నింగ్‌లు పంపుతూనే ఉన్నారు. ఫారంలో ఆయన పేరు పక్కన ఏం రాయాలో ఆవిడకి తెలుసు. అది తన చేత్తో రాయలేకపోయింది. "మీరు చూడనక్కర్లేదమ్మా, మీ ఓటీపీ ఒక్కటి చెప్పండి చాలు" అన్నాను. వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి గట్టిగా అంకెలు చెప్పింది. దీన్ని బద్ధకం అనేవాడు నాకెదురుపడితే వాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాలని ఉంది.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇళ్ళ తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు. రాత్రిపూట దయ్యం తలుపు కొడుతుందని, ఈ రాత చూసి రేపొద్దామని వెనక్కి పోతుందని, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుందని. పాపం ఆ దయ్యానికి తెలుగు చదవడం వచ్చు, చెప్పిన మాట వినడమూ వచ్చు. మా వాళ్ళు ఆదాయపు పన్ను నోటీసులకీ అదే వైద్యం చేస్తారు. ఈమెయిల్‌కి వస్తుంది. ఆ ఈమెయిల్ ఎప్పుడో ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు సృష్టించింది, తాళం ఎవరి దగ్గరుందో తెలీదు. ఫోన్‌కి మెసేజ్ వస్తే, చూశాక మళ్ళీ చూద్దామని పక్కకి జరుపుతారు. రిటర్న్‌లో లోపముంది, పదిహేను రోజుల్లో సరిచేయండి అని వచ్చిన నోటీసును ఒక మందుల షాపాయన నాలుగు నెలలు అట్లా గుమ్మం బయటే నిలబెట్టాడు. ఈ దయ్యం చదువుకోలేదు. రేపు రమ్మంటే రేపటి వడ్డీ కూడా కలుపుకొని వస్తుంది.

పాత రోజుల్లో ఇంకో తమాషా ఉండేది. ఆన్‌లైన్లో రిటర్న్ వేశాక, ఒక ఒంటి పేజీ మీద సంతకం పెట్టి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ పోస్టాఫీసు, పోస్ట్ బ్యాగ్ నంబర్ 1కి పంపాలి. 120 రోజుల గడువు. సంతకం నా ముందే పెట్టించి, కవరు మీద చిరునామా రాసి, స్టాంపు అంటించి చేతికిచ్చేవాణ్ణి. దారిలో డబ్బాలో పడేస్తే చాలు. వాటిలో ఎన్ని చొక్కా జేబుల్లో ఉతికేశారో, ఎన్ని స్కూటర్ డిక్కీల్లో వర్షానికి నానాయో లెక్కలేదు. అసలు పనంతా అయిపోయి, ఆఖరి అడుగు మిగిలినప్పుడు మనిషికి కమ్మే మత్తు వేరు. అయిపోయిందన్న సుఖం ముందే అనుభవించేస్తాడు. తర్వాత నేనే కవర్లన్నీ పోగేసి పోస్టాఫీసుకి తీసుకెళ్ళడం మొదలెట్టాను. ఆధార్ ఓటీపీ వచ్చాక ఆ బాధ తీరింది, గడువు కూడా 2022 ఆగస్టు నుంచి 30 రోజులకి కుదించారు. 120 ఉన్నప్పటికన్నా 30 ఉన్నప్పుడే ఎక్కువమంది సకాలంలో చేస్తున్నారు. కనీసం నా గదిలో అంతే.

బోర్డు పని చేయలేదు, తిట్టడం పని చేయలేదు. "ఆలస్యం అమృతం విషం" అని గోడకి తగిలిస్తే, దాని కిందే కూర్చుని ఒక పెద్దాయన "నిదానమే ప్రధానం" అన్నాడు. మన సామెతలు ఇద్దరి పక్షానా వకాల్తా పుచ్చుకుంటాయి. చివరికి పని చేసింది చాలా చిన్న సంగతి. ఇప్పుడు జూన్‌లో ఫోన్ చేసి "రిటర్న్ వేద్దాం రండి" అనను. "మాస్టారూ, ఏమీ వద్దు, పాస్‌బుక్ మొదటి పేజీ ఒక ఫోటో కొట్టి పంపండి" అంటాను. నిజానికి అది నా దగ్గర పోయినేడాదిదే ఉంటుంది. అయినా అడుగుతాను. పాస్‌బుక్ కోసం బీరువా తెరుస్తారు. తెరిచాక, ఫారం 16 కూడా ఇక్కడే ఉంది, పంపమంటారా అని వాళ్ళే అడుగుతారు. అందరూ కాదు. అయిదుగురిలో ఇద్దరు. బీరువా తెరవని వాళ్ళని "ఊరికే టీకి రండి, కాగితాల సంచి అట్లాగే మూట కట్టి పట్టుకురండి, విప్పొద్దు" అంటాను. ఆ ఒక్క కాగితం నేను తీస్తాను. నాకది మామూలు కాగితం కాబట్టి నా చేయి వణకదు.

ఇన్ని చెబుతున్నవాడికి ఒక నోటు పుస్తకం ఉంది. ఎర్ర అట్ట, పొడుగుది. నాకు ఫీజులు రావలసిన వాళ్ళ పేర్లన్నీ అందులో ఉంటాయి. అడగడం నాకు చేతకాదు. అర్ధరాత్రి దాకా కూర్చుని రిటర్న్ వేశాక, "ఎంతివ్వమంటారు సార్" అంటే "తర్వాత చూద్దాం లెండి" అని వచ్చేస్తుంది నోట్లోంచి. ఆ తర్వాత చూడను. బంధువులు, స్నేహితులు, పిల్లవాడికి ట్యూషన్ చెప్పిన మాస్టారు, నాన్న ఆపరేషన్‌కి రక్తమిచ్చిన ఆయన. కొన్ని పేర్ల పక్కన అయిదేళ్ళ బాకీ. నెలకి ఒక శాతం వడ్డీ గురించి ఊరందరికీ చెప్పే నేను ఆ పుస్తకం విప్పి కూడా చూడను. ఇబ్బందేమిటంటే, నా సొంత రిటర్న్ వేయాలంటే ఏడాదిలో వచ్చిందెంతో తెలియాలి. అది తెలియాలంటే ఆ పుస్తకం తెరవాలి. వచ్చినవీ రానివీ ఒకే పేజీలో ఉంటాయి.

2025లో గడువును ముందే, మే నెలలోనే, సెప్టెంబరు 15కి మార్చారు. ఫారాల్లో మార్పులు చాలా ఉన్నాయని. నెలన్నర ఎక్కువ దొరికింది. నెలన్నరా మెట్లు ఖాళీ. సెప్టెంబరు 15 సోమవారం పొద్దున్నుంచి జనం. పోర్టల్ తెరుచుకోదు, తెరుచుకుంటే కాగితం దిగదు. రాత్రి పదకొండున్నరకి ఆఖరు క్లయింటు వెళ్ళాడు. కుర్రాణ్ణి పంపించేశాను. ఒక్కటే మిగిలింది, నాది. సొరుగులోంచి ఎర్రట్ట పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను. టీ ఫ్లాస్కులో అడుగున కొంచెం ఉంటే పోసుకున్నాను. చల్లారిపోయింది. ఫోన్ మోగింది. సిమెంటు ఏజెన్సీ ఆయన.

"సార్, చూశారా? ఒక రోజు పెంచారు! నేను చెప్పలా?"

నిజమే, అప్పుడే ప్రకటన వచ్చింది. 16 దాకా. ఆయన రిటర్న్ మధ్యాహ్నమే వేసేశాను, ఆయనకి దాంతో పనేమీ లేదు. అయినా ఆ గొంతులో ఆనందం చూడాలి. నేను పుస్తకం తిరిగి సొరుగులో పెట్టి, లైటు తీసేసి, ఇంటికి వచ్చి పడుకున్నాను. మర్నాడు రాత్రి పదిన్నరకి వేశాను.